బొటనవేళ్ళు లేని కోతి

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, నేనొక పెద్దమనిషి మీద నింద వేశాను. ఇలాంటివి తలదించుకుని చెప్పాలంటారు. నేను తలెత్తుకునే చెబుతాను, ఎందుకంటే ఆ నిందను మళ్ళీ నా నోటితోనే కడిగాను.

ఇది పందొమ్మిది వందల యాభైల నాటి మాట. మా బాపు హైదరాబాదులో చాంద్రాయణగుట్ట దగ్గర చిన్న హనుమాన్ గుడిలో పూజారి. శనివారం నైవేద్యానికి జామపండ్లు పక్కనే ఉన్న బార్కస్‌లో ఒక ముసలాయన తోట నుంచి వచ్చేవి. ఆయన తాతలు అరబ్బు దేశం నుంచి వచ్చినవాళ్ళు. నేను చాచా అనేదాన్ని. పండ్లు తేవడం నా పని, తోటలో చెట్టుకొకటి కొరికి చూడడం నా హక్కు.

ఆ ఏడు చాచా తమ్ముడు ఓడ పని నుంచి తిరిగొస్తూ ఆఫ్రికా కోతినొకదాన్ని తెచ్చి అన్నకు అప్పగించాడు. మన కోతుల్లా లేదది. ఒళ్ళంతా నలుపు, భుజాల నుంచి నడుము దాకా రెండు పక్కలా వేలాడే పొడుగు తెల్ల బొచ్చు, మొహం చుట్టూ తెల్లంచు, తోక చివర తెల్ల కుచ్చు. శాలువా కప్పించుకుని సభ నుంచి ఇంటికొచ్చిన పంతులుగారిలా కూర్చునేది. తినేది ఆకులే. గట్టు మీది రావికొమ్మ విరిచి వేస్తే రోజంతా నమిలి, మొహమాటం లేకుండా బ్రేవుమని త్రేన్చేది. అడవిలో ఇవి చెట్ల కొసల్లోనే బతుకుతాయని, పిల్ల పుట్టినప్పుడు తెల్లగా ఉండి నెలలు గడిచాక నల్లబడుతుందని తమ్ముడు చెప్పిన సంగతులన్నీ చాచా నాకు చెప్పేవాడు.

ఒకరోజు దానికి జామపండు అందిస్తే, రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తీసుకుంది. అప్పుడు చూశాను, చేతికి నాలుగే వేళ్ళు. ఇంటికి పరుగెత్తి, చాచా కోతి బొటనవేళ్ళు కోసేశాడని బాపుతో చెప్పాను. నేను చూసింది వేళ్ళు లేకపోవడం. కోశాడన్న మాట నేను తగిలించింది.

మా గుడికి వచ్చేవాళ్ళకు కోతి అంటే సాక్షాత్తు స్వామే. సాయంత్రానికి వాడంతా లొల్లి. శనివారం పొద్దున వెళ్ళి దాన్ని గుడికి తెచ్చేద్దామని పెద్దలు తీర్మానించారు. భక్తులు పెట్టే అరటిపండ్లు, బెల్లం తింటూ అక్కడే ఉంటుందన్నారు.

శుక్రవారం చాచా దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన పక్కన కూర్చోబెట్టుకుని, "కండ్లు మూసుకో బేటీ, చేత్తో చూడు" అన్నాడు. ఎప్పుడో గడ్డి కోస్తుంటే కత్తికి ఆయన చిటికెన వేలి కొస తెగిపోయింది. ముందు ఆ వేలు, తర్వాత కోతి చెయ్యి నా చేతిలో పెట్టాడు. వేలి కొస గట్టిగా, ముడతపడి, ఒక పక్కకు గుంజుకుని ఉంది. కోతి చేతిలో బొటనవేలు ఉండాల్సిన చోట మెత్తటి చిన్న బుడిపె. రెండు చేతులకూ అదే తీరు, గాటన్నది లేదు. కాళ్ళ బొటనవేళ్ళు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఈ జాతి మొత్తానికీ చేతులింతేనన్నాడు. తన గురించి ఆయనకు ఫికర్ లేదు. దీని కడుపు బర్రె కడుపులా అరలరలుగా ఉంటుందని, ఆకులు నానబెట్టి అరిగించుకునే ఆ కడుపు తీపికి ఉబ్బిపోతుందని చెప్పాడు. "నన్నేమన్నా అననీ. గుడిల పెడితే నాలుగు దినాలు బతకది."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు పోయి కోపమొచ్చింది, ముందు నా మీద, తర్వాత ఒక్కమాటైనా అడగకుండా నన్ను నమ్మిన పెద్దల మీద.

శనివారం పదిమంది వచ్చారు. ముందు బాపు, స్వామికి వేసే తమలపాకుల దండ పట్టుకుని. నేను కోతిని కట్టిన చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను.

"బాపూ, కోసిండని నేను జూడలే. నేనే కలిపి చెప్పిన."

బాపు మొహం కందిపోయింది. పూజారి బిడ్డ అబద్ధమాడానని నలుగురిలో ఒప్పుకుంటే పోయేది ఆయన పరువే. ఇంటికి నడవమన్నాడు.

"పోను. నువ్వు దాని చెయ్యి పట్టి చూసేదాక కదల."

చెంప మీద ఒకటి పడింది. కదల్లేదు. చిన్నపిల్ల మాట పట్టించుకునేదేంటని వెనక ఎవరో విసుక్కున్నారు. నింద వేసిననాడు కూడా నేను చిన్నపిల్లనే కదా, అప్పుడెందుకు పట్టించుకున్నారని అడిగాను.

బాపు కింద కూర్చున్నాడు. కోతి చేతులు ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని, చాలాసేపు తడిమి చూశాడు. అది ఆ సందులో దండ లాక్కుని తమలపాకులు నమలసాగింది. బాపు లేచి, "తప్పయింది భాయ్" అని చాచాతో అన్నాడు. ఇంటికొచ్చాక నాతో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఫలానావాడు ఇలా చేశాడట అని ఎవరైనా మొదలుపెడితే, నువ్వు చూశావా అని అడుగుతాను. చూడకపోతే ఆ మాట నా ఇంట్లో సాగదు. చుట్టాలు నా దగ్గర కబుర్లు చెప్పడం మానేశారు, కోడళ్ళు మొండిఘటం అంటారు. అననీ. కన్నతండ్రి చెంపదెబ్బకే కదలనిదాన్ని, వీళ్ళ విసుగుకు కదులుతానా?