కంపలు వేసే మలుపు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. జూనియర్ కాలేజీలో పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుని బతికే మనిషిని. ఎవరైనా "నిజంగా జరిగిందండీ" అని మొదలుపెడితే, "వెలుతురు ఎంత ఉంది? మీరు కళ్ళజోడు పెట్టుకున్నారా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. ఇప్పుడు ఆ ప్రశ్నలు మీరు నన్ను అడగండి. ఎండెక్కాక చూశాను, కళ్ళజోడు పెట్టుకునే చూశాను.

నాకూ మా తమ్ముడు రవికీ సైకిళ్ళ పిచ్చి. మావి గ్రావెల్ బైకులు. టైర్లు కాస్త లావుగా ఉండి కంకర మీద కూడా హాయిగా పోతాయి. ఈ పిచ్చి అంటించింది వాడే. కొన్నేళ్ళ కిందట ఉన్నట్టుండి జీపు అమ్మేసి, "ఇక బండి నడపనక్కా, సైకిలే" అన్నాడు. మిర్చి వ్యాపారంలో కూర్చుని కూర్చుని పొట్ట పెరిగింది, ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందిలే అనుకున్నాను. మా అమ్మయితే వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

గుంటూరు రోడ్ల మీద సైకిలు తొక్కడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. ఆటోలు, బస్సులు, మిరప టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోసే లారీలు. అందుకని ఆదివారం తెల్లవారగానే నల్లపాడు దాటి కొండల్లోకి వెళ్ళిపోయేవాళ్ళం. అక్కడ ఒక పాత క్వారీ దారి ఉంది. క్వారీ మూతపడ్డాక అటు బండి అనేది రాదు. రెండు వైపులా చిట్టడవి, కింద ఎర్ర కంకర. పైకెక్కి చూస్తే పత్తి చేలు, ఎండబోసిన మిరప కల్లాలు కనిపిస్తాయి. ఆ దారి కనిపెట్టింది నేనే. రవి మొదట్లో రానన్నాడు. తేనెటీగలున్నాయని ఒకసారి, పాములున్నాయని ఒకసారి. "నేనెళ్తుంటే నీకేం రోగంరా?" అని ఎగతాళి చేసి లాక్కెళ్ళాను.

ఆ దారిలో ఒక మలుపు దగ్గర మోకాలెత్తున కంప కుప్ప ఉండేది. తుమ్మ కొమ్మలు, రేగు కొమ్మలు. అటు వెళ్ళే కూలీలు, పుల్లలకొచ్చేవాళ్ళు తలా ఒక కొమ్మ విరిచి దాని మీద వేసి పోతారు. దారిలో అర్ధాంతరంగా చచ్చిపోయినవాళ్ళ చోట అలా వేయడం అక్కడివాళ్ళ అలవాటు. ఈ సంగతి నాకు అక్కడ మేకలు కాసుకునే మరియమ్మ చెప్పింది. పోయింది ఆవిడ కూతురే, సుజాత. కొన్నేళ్ళ కిందట, క్వారీ ఇంకా నడుస్తున్న రోజుల్లో, మిరపకాయ కోతలకు వెళ్ళి, సాయంత్రం అడ్డదారిన ఇంటికొస్తుంటే ఏదో బండి గుద్దేసి ఆగకుండా పోయింది. తెల్లారేదాకా ఎవరూ చూడలేదు. చాలాసేపు ప్రాణంతోనే ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడట. ఆ బండి ఎవరిదో పోలీసులకు దొరకలేదు.

"కంపలు వేస్తే ఆత్మకు శాంతా మరియమ్మా?" అని అడిగాను.

"శాంతి కాదమ్మా, లేవకుండా ఉండటానికి. లేచిందంటే ఊరుకోదు. నా కూతురికి కోపం ఎక్కువ." చేలోకి పోతున్న మేకను అదిలించి, "పాస్టరుగారు ఇయ్యన్నీ వద్దంటారు. పోయింది ఆయన కూతురు కాదుగా," అంది.

నమ్మకం లేకపోయినా ఆ తల్లి ముఖం చూసి నేనూ ఒక కొమ్మ వేసేదాన్ని. రవి మాత్రం అటు తల కూడా తిప్పేవాడు కాదు. ఒక ఆదివారం హఠాత్తుగా సైకిలు దిగాడు. "ఈ ముళ్ళతో టైర్లు నాశనమైపోతున్నాయి" అంటూ లైటర్ తీసి ఆ కుప్పకు నిప్పు పెట్టాడు. ఎండు కంప కదా, భగ్గున అంటుకుని క్షణాల్లో బూడిదైంది. "ఒరేయ్, నీకేమన్నా పిచ్చా? కన్నతల్లి వేసుకున్నదిరా అది!" అని అరిచాను. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పొగ వల్లనేమో అనుకున్నాను.

ఆ తర్వాత మేం వెళ్ళినప్పుడు మరియమ్మ ఆ నల్లమచ్చ పక్కనే రాయి మీద కూర్చుని ఉంది. ఎవరు తగలబెట్టారని అడగలేదు. "మళ్ళీ కంప వెయ్యవా?" అంటే, "ఎందుకులే. లేవనీ," అంది. అంతే. ఊళ్ళోవాళ్ళకు కూడా వెయ్యొద్దని చెప్పేసిందట.

సరిగ్గా ఆ రోజే మొదలైంది. ఆ మలుపులోకి వెళ్ళగానే రవి ముందు టైరులో గాలి మొత్తం పోయింది. నేను వాడి చక్రం జాడలోనే వెనక వస్తున్నాను, నా టైరుకు ఏమీ కాలేదు. ఇంటికొచ్చి చక్రం విప్పి, ట్యూబు తీసి గాలి నింపి నీళ్ళ తొట్టిలో ముంచాం. ఒక్క బుడగ రాలేదు. తిరిగి బిగిస్తే గాలి వారమంతా నిలిచింది. మళ్ళీ ఆదివారం అదే మలుపు, అదే కథ. కొత్త టైరు వేయించాడు. అదీ అక్కడే పోయింది.

విని మా అమ్మ హడలిపోయింది. ఎండుమిరపకాయలు, ఉప్పు గుప్పిట పట్టి వాడికి దిష్టి తీసి పొయ్యిలో పడేసింది. అసలే తేజ రకం కాయలు. మామూలుగా అయితే ఇల్లంతా దగ్గులతో చావాలి. ఘాటు లేదు. ఎవరికీ చిన్న దగ్గు కూడా రాలేదు. "అమ్మో, ఎంత దిష్టి రా నాయనా!" అని అమ్మ లబోదిబోమంది. కాయలు చెమ్మగిల్లాయేమోనని నేను అదే డబ్బాలోవి మరో రెండు వేశాను. పక్కింటివాళ్ళు దగ్గుతూ వచ్చి మమ్మల్ని తిట్టిపోశారు.

అయినా నేను లొంగలేదు. ఆ తర్వాతి ఆదివారం మలుపుకు కాస్త ముందు ఆగి సైకిళ్ళు మార్చుకుందామన్నాను. తప్పు సైకిలుదో, దారిదో తేలిపోతుంది కదా. రవి ఒప్పుకోలేదు. "పిరికిపంద" అని రెచ్చగొట్టాను. మరియమ్మ తన రాయి మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది.

ముందు నేను వాడి సైకిలు మీద వెళ్ళాను. ఏమీ కాలేదు. తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళాను, ఏమీ కాలేదు. తర్వాత వాడు నా సైకిలు మీద బయల్దేరాడు. మలుపులోకి రాగానే ముందు చక్రం ఆగిపోయింది. ఎవరో చేత్తో పట్టుకుని ఆపినట్టు ఆగింది. బ్రేకు వేస్తే చక్రం ఈడ్చుకుపోయి కంకరలో గీత పడుతుంది. అక్కడ గీత లేదు, తర్వాత వంగి వెతికాను కూడా. రవి ఎగిరి వెళ్ళి ఆ బూడిద మచ్చలో పడ్డాడు. భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

మరియమ్మ నెమ్మదిగా లేచొచ్చింది. నా వైపు చూసి, "సైకిలు కాదమ్మా. మనిషి," అంది.

తర్వాత వాడి ముఖంలోకి వంగి చూసింది. ఆవిడ వాడిని ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు. వాడే పడుకున్నచోట ఏడవడం మొదలుపెట్టాడు.

"మేకనుకున్నాను," అన్నాడు.

దుమ్మెత్తి పోయడమని మాటవరసకు ఎన్నిసార్లన్నానో. నిజంగా పోస్తుంటే చూసింది ఆ పొద్దున్నే. మరియమ్మ రెండు చేతులా ఆ బూడిదా మట్టీ ఎత్తి వాడి నెత్తిన పోసింది. మెటికలు విరిచి, "నా బిడ్డ మేకా? ఒరేయ్, నా బిడ్డ మేకంట్రా నీకు? దిగి చూస్తే ఏం పోయేదిరా? నీ చెయ్యి పడిపోను, నీ ఇంట దీపం ఆరిపోను!" అని గొంతు చినిగేలా తిట్టింది. నేను అడ్డుపడలేదు. ఎందుకు పడాలి? ఆ రాత్రి చాలాసేపు ఆ పిల్ల అక్కడ బతికుంది. వీడు గుద్దిన ఆ జీపులోనే ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నాడు. తోడబుట్టినవాడు, చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పినవాడు. అయినా ఆ క్షణంలో ఆవిడ చేతిలో రాయి ఉంటే బాగుండుననిపించింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించి, ఆ కట్టుతోనే పోలీస్ స్టేషనుకు తీసుకెళ్ళాను. వాడు ఏదీ దాచకుండా చెప్పాడు. కేసు నడుస్తోంది, బెయిలు మీద ఉన్నాడు. "కడుపులో పెట్టుకోవాల్సిన దానివి, వీధిన పడేశావు" అని మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మానెయ్యనీ.

స్టేషనులో ఒప్పుకున్నాడని మరియమ్మకు నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ ముఖంలో మార్పేమీ లేదు. "ఆ కోర్టు మీది. నా బిడ్డకు వేరే కోర్టుంది. ఎముక అతుక్కున్నాక ఆదివారం ఆదివారం రమ్మను. అది వాణ్ణి చూడాలి," అంది.

వాడు వెళ్తున్నాడు. నేను వద్దన్నా ఆగడు, అమ్మ కాళ్ళు పట్టుకున్నా ఆగడు. నేను వెనకే వెళ్తాను. ప్రతిసారీ ఆ మలుపులో గాలి పోతుంది. కొన్నిసార్లు పడతాడు, కొన్నిసార్లు దిగి సైకిలు నడిపించుకుంటూ వచ్చేస్తాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. మరియమ్మ రాయి మీద నుంచి చూస్తుంది. చూసి, మేకల్ని తోలుకుని వెళ్ళిపోతుంది.

మొన్న ఆదివారం వాడు పడి, చాలాసేపు లేవలేదు. నాకిక మనసాగలేదు. పక్కనున్న తుమ్మ కొమ్మ ఒకటి విరిచి పట్టుకుని మరియమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఇంకెన్నాళ్ళు మరియమ్మా? ఒక్క కొమ్మ వెయ్యనివ్వు."

ఆవిడ నన్ను కోప్పడలేదు. వాడు పడివున్నచోటు వైపు గడ్డంతో చూపించి, "నన్నడుగుతావేంటమ్మా? అక్కడే ఉందిగా, దాన్నడుగు," అంది.

తిరిగి చూశాను. మా తమ్ముడు, సైకిలు, నల్లటి నేల. ఇంకేమీ లేదు. గాలి ఎలా పోతోందో, చక్రం ఎలా ఆగిందో ఈరోజుకీ నేను చెప్పలేను. తెలిసిన లెక్కలన్నీ వేసి చూశాను, ఏదీ సరిపోలేదు. ఆ కొమ్మ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అడగడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసేశాను. అడిగితే జవాబు చెబుతుందని భయమేసింది.