సిమెంటు పూసిన స్తంభాలు

అమెరికాలోని నోవైలో మా అమ్మాయి సుమతి ఇంటి పక్కన ఉండే క్రిశాంతో అనే ఆయన ఈ వేసవిలో చనిపోయాడు. ఫిలిప్పీన్స్ మనిషి. ఆయన గురించి నాలుగు మాటలు రాయదగినవాణ్ని నేనే, ఎందుకంటే ఇద్దరం తాపీ పట్టి బతికినవాళ్లం. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. అయినా మూడు హైస్కూళ్లు, ఒక కల్యాణమండపం, లెక్కలేనన్ని మేడలు నా చేతిమీదుగా లేచాయి. ఒక్కటీ బీటలు వారలేదు.

క్రిశాంతోది బొహోల్ అనే దీవి. స్పెయిన్ దొరల కాలంలో వాళ్ల ఊళ్లో చర్చి కట్టారట. సముద్రంలోంచి తీసిన పగడపు రాయి, కోడిగుడ్డు తెల్లసొన కలిపిన సున్నం. రూపం మాత్రం పాత రోమువాళ్లది: ముందు గుండ్రటి స్తంభాలు, వాటిమీద త్రికోణపు నుదురు. తర్వాత వచ్చిన అమెరికా దొరలు ఆ మోస్తరు స్తంభాలతోనే పెద్ద సర్కారు కచేరీ కట్టారు. కాకపోతే సిమెంటుతో, నున్నగా, తెల్లగా. అది చూస్తూ పెరిగిన క్రిశాంతోకి చర్చి స్తంభాలు గరుకుగా, పేదగా కనిపించేవి. పెళ్లికాక ముందే ఫాదర్‌ని ఒప్పించి నాలుగింటికీ తానే సిమెంటు పూశాడు. ఊరంతా మెచ్చుకుంది. ఆనక అమెరికా వచ్చి ముప్పై ఏళ్లు బాత్‌రూముల్లో టైల్స్ వేశాడు గానీ, ఆ పని ఊసే ఎత్తేవాడు కాదు. చెప్పుకుంటే స్తంభాల సంగతే.

2013 అక్టోబరులో అక్కడ భూకంపం వచ్చింది. చర్చి ముందు గోడ సగం కూలింది, రెండు స్తంభాలతో సహా. మిగిలిన రెంటికీ పగుళ్లమీద మళ్లీ సిమెంటే పూస్తామంటున్నారట. అప్పుడు నేను సుమతి దగ్గరే ఉన్నాను, ఫోటోలు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. పూయవచ్చో లేదో మేస్త్రీగా నన్ను చెప్పమన్నాడు.

"నాన్నా, ఆయన ఆల్రెడీ అప్‌సెట్ అయి ఉన్నారు. కొంచెం చూసి చెప్పు," అంది సుమతి నాతో. మా ఇద్దరి మాటా అటూ ఇటూ చేర్చేది తనే.

పడిన స్తంభం లోపలి రాయి తడిసిన బెల్లంలా ఉంది. సున్నమైతే చెమ్మను బయటికి వదిలేది. సిమెంటు లోపలే బిగబట్టింది.

"ఉన్న పూత కూడా చెక్కించెయ్యమను. సున్నమే పూయాలి," అన్నాను.

"అలాగే చెప్పనా?"

"అలాగే చెప్పు. మెత్తగా చెబితే మిగిలిన ఆ రెండూ పోతాయి."

క్రిశాంతో ఫోటోలో పడిన స్తంభాలమీద వేలు పెట్టాడు. తాను సిమెంటు ముట్టకపోయి ఉంటే ఆ పడినవి నిలిచేవా అని అడిగాడు. నలభై ఏళ్ల పనిలో 'నాకు తెలియదు' అన్న మాట నా నోట రాలేదు. ఆ రోజు వచ్చింది. అది అబద్ధం కూడా కాదు.

మా వంటింట్లోంచే వాళ్ల ఊరికి ఫోన్ చేశాడు. ఆ భాషలో మాకు తెలిసింది సిమెంటు అన్న ఒక్క మాటే. అదే మళ్లీ మళ్లీ వినబడింది. పెట్టేశాక చెప్పాడు, ఇప్పుడున్న ఫాదర్ కుర్రవాడట, తనను ఎరగడట. మొదట సిమెంటు పూసి ఆ పాడుపని చేసిందెవరని అడిగాడట.

"నేనే అని చెప్పాను," అన్నాడు.

సుమతి కాఫీ ఇవ్వబోతే వద్దని కోటు తొడుక్కున్నాడు. వాళ్లిల్లు ఎంతో దూరం లేదు. అయినా ఆగి ఆగి వెళ్లాడు.