సబ్బుకి లొంగని శవం రంగు

నా చేతి మేకప్ చూసుకుని తెనాలిలో ఎందరో పెళ్ళికూతుళ్ళు మురిసిపోయారు. అదే చేత్తో ఒకసారి నన్ను నేనే శవంగా మార్చుకుని, రేపల్లెలో మా అమ్మమ్మ గుండె ఆగిపోయే పని చేశాను. నవ్వుకోండి గానీ, కాస్త లైటు వేసుకుని చదవండి.

అప్పటికి బ్యూటీషియన్ కోర్సు అయిపోయి నెల కాలేదు. పొగరు మాత్రం నిండుగా వచ్చేసింది. బాపట్లలో మా పెద్దమ్మ వాళ్ళ చర్చిలో ఈస్టర్ నాటిక. వేసేది స్త్రీల సమాజం కనక మగ వేషాలూ ఆడవాళ్ళవే. సమాధిలోంచి లేచొచ్చే మనిషి వేషం, బక్కగా ఉన్నానని నాకిచ్చారు. బూడిద రంగు పూసి, కళ్ళకింద నలుపు దిద్ది, మీసం గీసుకుని అద్దంలో చూశాను. పోయిన మా తాతయ్య నన్ను చూస్తున్నాడు.

నాటిక అయ్యాక చుట్టూ చేరినవాళ్ళకు పాఠం కూడా చెప్పాను.

"ఇది నూనె, మైనం కలిపిన రంగు. నీళ్ళకి లొంగదు. రిమూవర్‌లో కంటికి కనపడని అణువులుంటాయి. వాటి ఒక కొస జిడ్డుని పట్టుకుంటది, రెండో కొస నీళ్ళని పట్టుకుంటది. దూదితో అద్ది కాసేపు ఆగితే, రంగుని చుట్టుముట్టి లాక్కొచ్చేస్తాయి. రుద్దే పనే లేదు."

"ఆ సీసా ఏదమ్మా?" అంది పెద్దమ్మ.

సీసా తెనాలిలో ఉంది.

అంతలో రేపల్లె నుంచి అమ్మ ఫోన్. "అమ్మమ్మ రేపు కుడి కంటి ఆపరేషన్‌కి రానంటందే. ఇంకా ఆలస్యం చేస్తే చూపు పోద్దన్నారు డాక్టర్ గారు. నువ్వు చెప్తే వింటది, వచ్చెయ్."

చెప్పిన పాఠం మరిచిపోయి ఒంటిసబ్బు అందుకున్నాను. రుద్దాను, ఇంకా రుద్దాను. నీళ్ళు జారిపోయాయి, చెంపలు భగ్గుమన్నాయి, రంగు మాత్రం కదల్లేదు. ఇప్పుడు శవానికి జ్వరం వచ్చినట్టుంది. పెద్దమ్మ వంటింట్లో నూనె డబ్బా ఉందని, జిడ్డుని జిడ్డే కరిగిస్తుందని నా బుర్రకి అప్పుడు తట్టలేదు.

చున్నీ కప్పుకుని బస్సెక్కాను. పిట్టలవానిపాలెంలో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. గాలికి చున్నీ తొలిగింది. ఆవిడ మాట్లాడకుండా లేచి, రేపల్లె దాకా నిలబడే వచ్చింది. కండక్టర్ చిల్లర నా చేతికివ్వకుండా సీటు మీద పెట్టి వెళ్ళాడు.

ఇంటికి చేరేసరికి మసక చీకటి పడింది. అమ్మ మందుల షాపుకి వెళ్ళింది. ఇంట్లో ఇంకా ఎవరూ లైటు వేయలేదు. గుమ్మంలో చున్నీ తీశాను.

"వచ్చారా," అంది అమ్మమ్మ మంచం మీంచి.

అమ్మమ్మ నన్నెప్పుడూ మీరు అని పిలవలేదు, తాతయ్యనే అలా పిలిచేది.

"నన్ను తీసకెళ్ళడానికేనా?"

నేను సునీతనని చెప్పాల్సింది. కానీ ఒప్పించడానికి మంచి దారి దొరికిందనిపించింది. గొంతు బొంగురు చేసి, "కాదు. ముందు కన్ను బాగుచేయించుకో," అన్నాను.

అమ్మమ్మ చాలాసేపు చూసింది.

"సరేనండి," అంది నెమ్మదిగా.

దొడ్లోకి పరిగెత్తి, కొబ్బరినూనెలో దూది ముంచి ముఖం మీద పెట్టుకున్నాను. రుద్దలేదు, ఆగాను. అద్దంలో తాతయ్య కొంచెం కొంచెంగా కరిగిపోయాడు. ఆయన్ని నేనే మళ్ళీ పంపించేస్తున్నట్టు దిగులేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక అమ్మమ్మ నన్ను దగ్గరికి పిలిచి ముఖమంతా పరీక్షగా చూసింది.

"ఆ రోజు మీసం వంకరగా గీసావే."

"నేనని తెలుసా?"

"గుమ్మంలోకి రాగానే తెలిసింది. నీ నడక నాకు తెలీదా ఏంటి."

"మరి నన్ను మీరు అన్నావేంటి?"

"నిన్నెందుకంటానే? నీ వెనకాల నిలబడ్డ ఆయన్నన్నాను. నువ్వేదో వాగుతున్నావు, ఆయన తల ఊపారు. అందుకే ఒప్పుకున్నా."

ఆ రోజే గంభీరంగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో పోయినవాళ్ళ తరఫున నోరెత్తను. వాళ్ళు వెనకే నిలబడి వింటుంటే ఎంత నామోషీ.