పచ్చబొట్టుకి మాస్కు

పచ్చటి కోనసీమలో పుట్టి, పచ్చదనాన్ని చెరిపేసి బతుకుతున్నవాణ్ణి నేను. అమలాపురంలో పెళ్లి వీడియోల స్టూడియోలో ఎడిటర్ని. మనిషిని పచ్చగుడ్డ ముందు కూర్చోబెట్టి తీస్తాం. కంప్యూటర్లో కీ వేస్తే గుడ్డ మాయమై, వెనక ఏ రాజమహలు కావాలంటే అది వస్తుంది. ఆ కీ వెయ్యడం వచ్చుగానీ, నా స్కూటరు కీ ఎక్కడ పెట్టేనో రోజూ వెతుక్కుంటాను.

ఓసారి అంబాజీపేట నుంచి ఒక మామ్మగారు వచ్చేరు. మనవరాలి పెళ్లి హైదరాబాదులో. మోకాళ్ల నొప్పులతో అంతదూరం వెళ్లలేరు కనక, ఆవిడ దీవెన తీసి మంటపంలో తెరమీద వెయ్యాలి. ఆవిడ చెయ్యెత్తి, "నూరేళ్లు పచ్చగా ఉండండమ్మా" అన్నారు. అదీ నా ముందు.

కీ వేసేను. గుడ్డతోపాటు ఆవిడ ముంజేతి మీది పచ్చబొట్టూ పోయింది. చేతికి చిల్లుపడి అందులోంచి రాజమహలు స్తంభం కనిపిస్తోంది. ఆ పచ్చబొట్టు, చనిపోయిన ఆవిడ భర్త పేరు. ఆవిడ దాన్ని నోటితో పలకరు. తీసేటప్పుడు తాతగారి పేరేమిటండీ అని అడిగితే, చెయ్యి చాపి చూపించేరు.

ఓనరుగారు ఆ చిల్లు చూసి, ఒంటిరంగు పూసేసి సాయంత్రానికి ముగించెయ్యమన్నారు. మచ్చ లేకపోతే ఇంకా నీటుగా ఉంటుందిట.

"ఆయ్" అన్నాను. మావైపు ఆయ్ అంటే అవునని అనుకుంటారు. నిజానికి విన్నానని. చేస్తానని కాదు. ఎదురు తిరగడానికి నాకున్న ఆయుధం ఆ ఒక్కమాటే.

పచ్చబొట్టు చుట్టూ మాస్కు గీసేను. ఈ గీత లోపలి పచ్చ జోలికి రావద్దని కంప్యూటరుకి చెప్పడమన్నమాట. దీవించే చెయ్యి ఊరుకోదు కదా. సెకనుకి పాతిక ఫ్రేములు, ప్రతి ఫ్రేములోనూ గీతని చేతి వెంట జరపాలి. అంచు గట్టిగా ఉంటే స్టిక్కరు అంటించినట్టుంది, మెత్తన చేస్తే చర్మంలో కలిసింది. ఓనరుగారు రెండుసార్లు అయిందా అన్నారు. రెండుసార్లూ ఆయ్. మూడోసారి కుర్చీ వెనకే నిలబడ్డారు.

"ఆ మచ్చకోసమా ఇంతసేపు?"

"మచ్చ కాదండి, తాతగారండి. పెళ్లికి ఆయన్ని రావద్దనడానికి మనమెవరమండి?"

ఆయన తన గదిలోకి వెళ్లిపోయేరు. నేను తరవాతి ఫ్రేములోకి వెళ్లేను.

మర్నాడు మామ్మగారు చూసుకోడానికి వచ్చేరు. రాజమహలు చూసి, ఇంత ఇల్లు రోజూ ఊడ్చేదెవరని అడిగేరు. తరవాత చెయ్యెత్తిన చోట ఆపమని, కళ్లజోడు సర్దుకుని, తెరమీద అక్షరాలు ఒక్కొక్కటే వేలితో తడిమేరు.

"అయితే వారూ వెళుతున్నారన్నమాట" అన్నారు.

"ఆయ్" అన్నాను. ఈసారి అవుననే.