నా పేరుకు నేను చెప్పిన దొంగ అర్థం

అన్యాయం జరిగింది ఇంకా పుట్టని ఒక ఆడపిల్లకు. ఫుట్‌బాల్ పోటీలకు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయనగా, ఒక శనివారం పొద్దున, దోహాలో, నడుస్తున్న కారులో జరిగింది. చేసింది ఎవరో కాదు, నేనే. ఈ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఇన్నాళ్లూ అంట్లగిన్నెల మీద తీర్చుకున్నాను. పాపం మా మేడం కొత్త కప్పులు కొనుక్కోవలసి వచ్చింది.

మొదటినుంచి చెబుతాను. మధ్యలో నవ్వితే మాత్రం చాయ్ ఎవరిది వాళ్లే పెట్టుకోండి.

నేను పనిచేసేది ఐర్లండ్ వాళ్ల ఇంట్లో. సారు స్టేడియం కట్టే ఇంజినీరు. మేడం పేరు ఓర్లా, అప్పటికి ఆరో నెల. వంట, ఇల్లు నావి. కారు యూసుఫ్ భాయ్‌ది. ఆయనది హైదరాబాదు పాతబస్తీ. నన్ను చెల్లె అని పిలుస్తాడు, చెల్లెలికి ఇవ్వాల్సిన మర్యాద మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు.

మేడం దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఐర్లండ్ పిల్లల పేర్లు, పక్కన అర్థాలు. బడిలో నేను చదివింది ఏడో తరగతి. ఆ తర్వాత చదివిందంతా చేతికి దొరికిన కాగితమే. శనగల పొట్లం విప్పితే శనగల కన్నా ముందు పొట్లం చదివే రకాన్ని. డిక్షనరీ పక్కన పెట్టుకొని ఆ పుస్తకాన్ని మేడం కన్నా ముందే పూర్తిచేశాను.

చదువుతుంటే ఒళ్లు మండింది. రోనన్ అంటే సముద్రంలో ఈదే సీల్ పిల్ల అట. కియరన్ అంటే చిన్న నల్లోడు అట. డీర్‌డ్రా అంటే దుఃఖం అని రాశారు. కన్నబిడ్డను దుఃఖమా, అన్నానికి రా అని పిలుస్తారా? మా సారు పేరు కానర్. కుక్కలను ప్రేమించేవాడు అని అర్థం. పక్క విల్లా కుక్క మొరిగితే మా సారు కారు దిగడు. అయినా వీళ్లకు ఎవరికీ సిగ్గు లేదు. నల్లోడైనా, సీల్ పిల్లయినా, అర్థం చెప్పేటప్పుడు మెడ నిటారుగా పెట్టి చెబుతారు.

నా మంట అంతా ఆ మెడ మీదే. ఎందుకంటే నా పేరు పెంటమ్మ.

అవును, ఊళ్లో పేడా చెత్తా పోస్తామే, ఆ పెంటే. దోహాలో దిగిన రోజే ఆ పేరును విమానంలో వదిలేసి పద్మనయ్యాను. నజ్మాలో మా గదివాళ్లకు పద్మ, ఏషియన్ టౌన్‌లో కూరగాయలవాడికి పద్మ, మేడంకూ పద్మే. కాగితాల పనంతా సారు ఆఫీసు చూసుకుంటుంది కాబట్టి వాళ్లూ ఎన్నడూ అడగలేదు. తొమ్మిదేళ్లపాటు నిజం తెలిసింది నా బతాకాకు ఒక్కదానికే. ఆ గుర్తింపు కార్డును కూడా పర్సులో తిరగేసి పెట్టేదాన్ని.

ఆ శనివారం కంపెనీవాళ్లు ఇంజినీర్ల కుటుంబాలను సగం కట్టిన స్టేడియం చూడటానికి రమ్మన్నారు. లిస్టు పంపింది ఆఫీసు. బతాకాలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు. గేటు దగ్గర పసుపుపచ్చ టోపీలు పెట్టుకొని వరుసలో నిలబడ్డాం. సెక్యూరిటీ అతను ఒక్కొక్క అక్షరం శ్రద్ధగా కూడబలుక్కొని చదివాడు.

"పెంటమ్మ."

ఎవరూ పలకలేదు. వినపడలేదేమో అనుకొని ఇంకా గట్టిగా చదివాడు. అక్కడ ఇనుప చువ్వలు కడుతున్న ఇద్దరు పని ఆపి తిరిగి చూశారు. వాళ్లు మనోళ్లే అని నాకెట్లా తెలిసిందంటే, నవ్వారు.

చెయ్యి ఎత్తక తప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మేడం నా వైపు వంగింది. ఆ పుస్తకం ఒళ్లోనే ఉంది. "పద్మా, అది నీ అసలు పేరా? ఎంత బాగుందో. అర్థం ఏమిటి?"

గేటు దగ్గర ఆ పేరు విన్న యూసుఫ్ భాయ్ ముందు సీట్లో అద్దం సర్దుకున్నాడు, నా మొహం కనిపించేటట్టు.

ఓర్లా అంటే బంగారు రాకుమారి. బంగారు రాకుమారి పక్కన కూర్చొని చెత్తకుప్ప అని ఎట్లా చెప్పను? నా నోరు నాకన్నా ముందు ఉరికింది. "బంగారు రాశి, మేడం. ఇంటి ముందర పోసిన కుప్ప." కుప్ప అన్నంతవరకు నిజమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంటి ముందర అన్నదీ నిజమే. యూసుఫ్ భాయ్‌కి దగ్గు వచ్చి కారు పక్క లైనులోకి పోయి వచ్చింది.

పది రోజులకు మేడం వంటింట్లోకి వచ్చి చెప్పింది. "ఆడపిల్ల. పేరు ఖాయం చేశాం. నీవ్, అంటే వెలుగు. రెండో పేరు పెంటా. నన్ను ఇన్ని నెలలు నువ్వే కదా చూసుకున్నావు."

గరిటె పప్పులో మునిగిపోయింది.

ఆ సాయంత్రం సూపర్‌మార్కెట్‌కు పోతుంటే యూసుఫ్ భాయ్ మొదలుపెట్టాడు. "ముబారక్ చెల్లె. వెలుగుల పెంట. మా గల్లీల మున్సిపాల్టీ వాళ్లు రాకుంటే గట్లనే వెలుగుతది, అగ్గి పెడ్తరు."

"నీ నోరు మూతపడ. నువ్వు బండి నడుపు."

"నడుపుతనే ఉన్న. గని రేపు ఆ పిల్ల పెద్దగైనంక, ఎవడన్న మనోడు కలిసి అసలు అర్థం చెప్తే? నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"చెప్పు. రేపటి సంది నీ టిఫిన్ డబ్బాల ఏముంటదో చూస్కో."

ఆయన నోరు మూసుకున్నాడు. నా లోపల మాత్రం మూత పడలేదు. మేడంతో పేరు మార్పించాలని చూశాను. పద్మ బాగుంటుంది, తామరపువ్వు అన్నాను. పూల పేర్లు అందరికీ ఉన్నాయంది. లక్ష్మి అన్నాను. వద్దంది. పెంటా పలకడం మీవాళ్లకు కష్టం అన్నాను. మా పేర్లు పలకడం కన్నానా అని నవ్వింది. ఇంత మొండి మనిషి అని తెలిస్తే ఏ ఇత్తడి అర్థమో చెప్పి ఊరుకునేదాన్ని.

ఒకరోజు దుమ్ము దులుపుతుంటే ఆ పుస్తకం జారిపడి చివరి తెల్లకాగితం తెరుచుకుంది. మేడం పెన్నుతో రాసిన రెండు పేర్లు. పేరు పక్కన అర్థం, అర్థం కింద రెండు తేదీలు. మొదటి పేరు కింద రెండు తేదీలూ ఒకటే. రెండో పేరు కింద కూడా ఒకటే. పుట్టిన రోజే పోయారు ఇద్దరూ.

వాళ్ల కింద జాగా ఖాళీగా ఉంది. నా అబద్ధం ఎక్కబోయేది అక్కడ.

ఆ రోజు పగిలినవే ఆ కప్పులు. సాయంత్రం పెట్టె సర్దుకున్నాను. నిజం చెప్పాక ఉద్యోగం ఉండదు, పొమ్మనిపించుకోకుండా పోతే పరువన్నా దక్కుతుంది. తెల్లవారి మేడం చాయ్‌కి రాగానే చెప్పేశాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. తప్పు నాది, గొంతు మాత్రం ఆమె తప్పు చేసినట్టు లేచింది.

"బంగారం లేదు, ఏం లేదు మేడం. చెత్త. నా పేరుకు అర్థం చెత్తకుప్ప. మా అమ్మకు నాకన్నా ముందు ముగ్గురు పుట్టి పోయారు. నేను పుట్టగానే మా నాయనమ్మ చాటలో వేసుకొనిపోయి పెంట మీద పడుకోబెట్టింది. పక్కింటామె ఎత్తుకుంది. మా అమ్మ ఆమెకు దోసెడు నూకలిచ్చి నన్ను కొనుక్కుంది. ముగ్గురిని తీసుకుపోయినవాడు మళ్లీ వస్తే, ఇది ఎవరో పారేసిన చెత్త అనుకొని పోవాలని. వాడు పోయాడు. నేను ఉన్నాను. బడిలో అందరూ నవ్వారు, పెళ్లిలో నవ్వారు, మీ గేటు దగ్గరా నవ్వారు. మీ బిడ్డకు వద్దు."

కొళాయి కట్టడం మరిచిపోయాను, నీళ్లు పోతూనే ఉన్నాయి. మేడం లేచి కట్టేసింది.

"మా తాతయ్యకు పదేళ్లు వచ్చేదాకా గౌను తొడిగారు," అంది. "మా వైపు కొండల్లో కంటికి కనబడని జనం ఉంటారని నమ్మేవాళ్లు. మగపిల్లలను ఎత్తుకుపోతారట. ఆడపిల్ల అనుకొని వదిలేస్తారని గౌను. ముసలివాడయ్యేదాకా బతికాడు. ఆ ఫోటో మాత్రం ఒక్కరికీ చూపించలేదు." కళ్లు తుడుచుకుంది. "పెంటాయే పెడతాం. ఇప్పుడు ఇంకా గట్టిగా."

తిట్టించుకోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? సర్దిన పెట్టె విప్పి చీరలన్నీ మళ్లీ మడతపెట్టుకున్నాను, ఒక్కొక్కదాన్ని తిట్టుకుంటూ.

ఫిబ్రవరిలో బిడ్డ పుట్టింది. ఫ్లాస్కులో జావ పోసుకొని యూసుఫ్ భాయ్‌తో ఆసుపత్రికి ఉరికాను. కింద లిస్టు చూసే మనిషి నా బతాకా తిప్పి తిప్పి చూశాడు. సారు కంగారులో అలవాటుకొద్దీ పద్మ అని రాయించిపోయాడు.

"లిస్టులో పద్మ. కార్డులో పద్మ మాఫీ," అన్నాడు. లేదని అతని మాట.

పైన ఉన్న మా మేడం రెండుసార్లు వట్టి చేతులతో ఇంటికి పోయింది. మూడోసారి బిడ్డ చేతిలో ఉన్నప్పుడు నేను చూడకుండా పోవాలా? నా గొంతు నా చెప్పుచేతల్లో లేకుండా పోయింది. "పద్మ ఎవరు? పద్మ లేదు, ఎన్నడూ లేదు. నేను పెంటమ్మను. పైన పుట్టిన పిల్ల కూడా పెంటే. రాసుకో."

వెనక లైనంతా మెడలు చాచి చూసింది. అందులో మనోళ్లు ఎంతమందో లెక్కపెట్టే ధైర్యం చేయలేదు. యూసుఫ్ భాయ్ ఫ్లాస్కు పట్టుకొని నా చెవి దగ్గర అన్నాడు, "మెల్లగ, చెల్లె. తొమ్మిదేండ్లు దాస్తివి. ఊరవతల బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపుల దాకా వినపడ్డది."

సారు కిందికి దిగివచ్చి నన్ను తీసుకుపోయాడు. మేడం పిల్లను నా ఒళ్లో పెట్టి, పుస్తకం చివరి కాగితం తెరిచి పెన్ను ఇచ్చింది. "నువ్వే రాయి. నీ భాషలో. ఈసారి నిజం అర్థం."

ఏడో తరగతి చేతిరాత, పైగా పిల్ల నా కొంగు పట్టుకొని వదలదు. వంకరటింకరగా రాశాను. తేదీ మాత్రం ఒక్కటే రాసి ఆపాను.

నీవ్ పెంటా. వెలుగు. చెత్త. ఎవరూ ఎత్తుకుపోవద్దు. ఫిబ్రవరి పదకొండు.