పగడానికి గాలాడలేదు

మామిడి వ్యాపారం చేసే ఇంట్లో, ముందు గదిలో సముద్రాన్ని పెట్టుకున్నవాణ్ణి నూజివీడు మొత్తం మీద నేనొక్కణ్ణే అనుకుంటాను. గాజు తొట్టెలో ఉప్పునీళ్ళు, కాసిని చేపలు, వాటి మధ్య ఒక పగడం. బొటనవేలంత ముక్కగా తెచ్చింది ఇప్పుడు రెండు గుప్పిళ్ళంత అయింది. అది రాయి కాదు, ప్రాణి. బాగున్నప్పుడు ఆకుపచ్చని వేళ్ళు చాపి నీటి వాలుకు ఊగుతుంది. అమ్మ దాన్ని పువ్వు అంటుంది.

ఈ మే నెలలో పువ్వు ముడుచుకుంది. ఒక అంచున కండ ఊడి తెల్లటి ఎముక బయటపడింది. అంతకుముందు రెండు పగడాలు అలాగే పోయాయి. ఇదీ పోతే తొట్టె తీసేస్తానని కోపంలో అనేశాను. అన్నానే గానీ, తీసే ధైర్యం నాకెక్కడిది. ఇక కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడమే. ఉప్పు చూశాను, సరిగానే ఉంది. ఏసీ పుణ్యమా అని నీటి వేడీ సరిగానే ఉంది. లైటు తగ్గించాను. పంపు మూతి గోడవైపు తిప్పాను, మళ్ళీ ఇటు తిప్పాను. దోమల చుట్ట వెలిగించావా అని మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

"ఈ ఇంట్లో దోమలకన్నా మీరే ఎక్కువ కుడుతున్నారండీ" అంది.

తేడా అంతా నీటి పీహెచ్‌లో ఉంది. రోజురోజుకీ పడిపోతోంది, అంటే నీళ్ళు పులుస్తున్నాయన్నమాట. లేపడానికి పొడి కలిపితే లేచినట్టే లేచి, తెల్లారేసరికి మళ్ళీ పడేది. ఇంకాస్త కలిపాను. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, మిగిలిన వేళ్ళు కూడా లోపలికి పోయాయి.

చివరికి ఫోనులో ఎవరో రాసింది చదివి, ఒక మగ్గుడు తొట్టెనీళ్ళు వరండాలోకి పట్టుకెళ్ళి, చిన్న గాలిపంపుతో గంటసేపు బుడగలు పోయించాను. పీహెచ్ లేచింది. హాల్లో ఇంకో మగ్గుతో అదే పని చేస్తే లేవలేదు. అంటే జబ్బు నీటిది కాదు, ఇంటి గాలిది. ఏసీ కోసం తలుపులన్నీ మూసిన ఇల్లు. పక్కగదిలో, కోతుల భయానికి కిటికీ కూడా బిగించి, అమ్మ గడ్డిలో మాగేసిన మామిడికాయల గుట్ట. మాగే కాయ కూడా మనలాగే ఊపిరి వదులుతుంది. ఆ చెడుగాలంతా తొట్టె తాగుతోంది.

ఆ గుట్ట ఊరికే తీసి పారేసేది కాదు. అమ్మకు పసుపు కుంకుమల కింద వచ్చిన తోటలో వాళ్ళ నాన్న నాటిన చిన్నరసాల చెట్టుంది. దాని మొదటి కాయలు మాగేసి, బందరులో ఉన్న వాళ్ళక్కకు బుట్ట పంపనిదే అమ్మ ఒక్క పండు ముట్టదు.

సంగతి చెప్పాను. అమ్మ గుట్టవైపు చూసింది.

"కిటికీ తీస్తే నీ పువ్వు బతుకుద్దా?"

"బతకొచ్చు."

"బతకొచ్చేంట్రా, సరిగ్గా చెప్పు" అంటూనే వెళ్ళి కిటికీ తీసేసింది. కర్ర పట్టుకుని దాని పక్కనే కుర్చీ వేసుకుంది.

సాయంత్రానికి పీహెచ్ కదిలింది. మర్నాటికి ఒక వేలు బయటికొచ్చింది. ఆనందం పట్టలేక ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. ఆ తర్వాత రోజు, మధ్యాహ్నం భోంచేసి అమ్మ కుర్చీలోనే కునుకు తీసింది. కోతుల మంద వచ్చి పడింది. తిన్నవి తిని, మిగిలినవి కొరికి గదంతా చిమ్మి పోయాయి. ఈ ఏడు తాతయ్య చెట్టు కాసింది అంతే, మీద ఇంకో కాయ లేదు. అమ్మ లేచి చీపురు తెచ్చి ఊడ్చుకుంది. తిట్టినా బాగుండేది.

బజారుకు వెళ్ళి మాగిన చిన్నరసాలు ఏరుతుంటే కొట్టతను నవ్వాడు.

"మీరు కొనడమేంటండీ?"

ఏదో గొణిగి బుట్ట కట్టించుకొచ్చాను. అమ్మ దాన్ని విప్పి చూడకుండానే బందరు పంపించింది.

రెండ్రోజులకు పెద్దమ్మ ఫోను. చెవులు సరిగా వినబడవు కాబట్టి గట్టిగా మాట్లాడుతుంది. గొంతు హాలంతా వినిపించింది. "నాన్న చెట్టు కాయ ఈ ఏడు ఇంకా తీపెక్కిందే!"

అమ్మ తొట్టె ముందు నిలబడి ఉంది. పగడం వేళ్ళన్నీ చాపి ఊగుతోంది.

"అవునక్కా, నాన్న చెట్టువే" అంది.

ఫోను పెట్టేసి, "పువ్వు బాగా విచ్చుకుందిరా" అంది. నేను అటు చూడలేకపోయాను.