సంఘపెద్ద జేబులోని చీటీ

జనవరి మొదటి వారం నుంచి ఒక చీటీ చూపించమని అడుగుతూనే ఉన్నాను. మా వీపనగండ్ల చర్చి సంఘపెద్ద జయరాజు గారికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, వాట్సాప్‌లో రాశాను. చదివినట్టు నీలం గీతలు కనబడతాయి, జవాబు మాత్రం రాదు. మమ్మల్ని పట్టించుకోకపోవడం సంఘంవాళ్లకు కొత్త కాదు. ఈ క్రిస్మస్‌కు పాటల బృందం వీధిలో అన్ని ఇళ్లకూ వచ్చి, చివరనున్న మా ఇంటికి రాకుండానే వెనక్కి తిరిగింది. మా పాప జెస్సీ వాళ్ల కోసం గిన్నెలో చాక్లెట్లు పోసుకుని గుమ్మంలో కూర్చుంది. అది నేను మరచిపోలేదు. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తాను. ఏదైనా చప్పుడు వస్తే ఏ స్క్రూ వదులైందో చూస్తాను.

నేను, నా భార్య సునీత, ఐదేళ్ల జెస్సీ అక్కడే ఉంటాం, క్రిస్మస్‌కు సెలవు మీద ఊరికి వచ్చాం. కుటుంబాన్ని ఊరికి పంపేయమని కంపెనీ అంటోంది. కొత్త సంవత్సరంలో మాకున్న ఆశ ఒక్కటే, విడిపోకుండా ఉండాలని.

మా చర్చిలో జనవరి ఒకటి ఉదయం ఆరాధనకు ప్రతి కుటుంబం ఒక చీటీ రాసి బుట్టలో వేస్తుంది. అడిగేది ఉంటే విన్నపం, జరిగిన మేలుంటే కృతజ్ఞత. సంఘపెద్ద వాటిని పైకి చదువుతారు. జెస్సీ బొమ్మల పుస్తకంలో కాగితం చింపి, "ఈ ఏడు మేం ముగ్గురం కలిసే ఉండాలి" అని రాశాను. నా చేత్తోనే బుట్టలో వేశాను.

జయరాజు గారు నా పేరు పిలిచి చదివింది వేరు. "మోటరు రూములో మా పాప దొరికినందుకు దేవునికి స్తోత్రం."

చర్చి అంతా నవ్వింది. మాకు గుంటెడు పొలం కూడా లేదు. వెనుక నుంచి ఎవరో "మస్కట్‌ల గూడ బోర్లేసిండ్రా దావీదన్నా?" అన్నారు.

ఆరాధన అయ్యాక నేరుగా ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఏంది దావీదు, పండగ పూట గూడ లొల్లేనా? జర సూడు, ఇది నీ రాత గాదా?" అని చీటీ ముందుపెట్టారు.

నా రాతే. పేరు కింద రెండు గీతలు గీయడం నా అలవాటు, అవీ ఉన్నాయి. కాగితం కూడా జెస్సీ పుస్తకంలోదే. వెనుక వైపు కూడా ఏదో రాసి ఉన్నట్టు సిరా కనిపించింది. చెయ్యి చాపేలోపు ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు. బుట్టంతా వెతికించాను. నేను రాసిన చీటీ లేదు.

మూడో తేదీన కొల్లాపూర్ దగ్గర మా అక్కావాళ్లు కౌలుకు చేస్తున్న మామిడితోటలో భోజనాలు. సునీత వద్దంది. "ఎవరు రాసిండ్రో తెల్వదు. తోటల మోటరు రూము ఉంటది. ఈ ఒక్కపారి పోవద్దు."

"నవ్వినోళ్లకు భయపడి అక్క పిలిస్తే పోకుంటనా?" అన్నాను. ఆ మాట నాదే. దాచను.

జొన్నరొట్టె, కోడికూర తింటున్నాం. చెట్టు కింద పెద్దవాళ్లం ఆరుగురం. జెస్సీ ఎప్పుడు లేచి వెళ్లిందో చూడలేదు.

తోట మధ్యలో నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటికుంట ఉంది. వెతుకుతూ పోతే గట్టు మీద పాప చెప్పు ఒకటి కనిపించింది. రెండోది నీళ్ల మీద తేలుతోంది.

బావ దూకాడు. అక్క కేకలు పెడుతోంది. పట్టా ఎంత జారుడంటే బావ తనంతట తాను పైకి రాలేకపోయాడు, తాడు వేసి లాగాం. మళ్లీ దూకాడు. నాకు ఈత రాదు. గట్టు మీద నిలబడి ఉన్నాను.

సునీత నా చొక్కా పట్టుకుని గుంజింది. "మోటరు రూము సూడు!"

అది తోట అవతలి మూలన ఉంది. పరుగెత్తాను. తలుపుకు బయట నుంచి గొళ్లెం పెట్టి ఉంది. తీస్తే లోపల ఎరువు బస్తా మీద జెస్సీ కూర్చుని ఉంది. తల నుంచి నీళ్లు కారుతున్నాయి. వణుకుతోంది.

"ఇంతసేపేంది డాడీ? నువ్వే గదా నీళ్లల్లకెళ్లి తీసి ఎత్తుకొచ్చినవ్. నేనొచ్చేదాంక ఈడనే కూసోమంటివి."

పాపను వెతకడం మొదలయ్యేదాకా నేను చెట్టు కింద నుంచి లేవలేదు. ఐదుగురు సాక్షులున్నారు. లోపలున్న జెస్సీ బయటి గొళ్లెం ఎలా పెట్టుకుంటుంది?

ఇంటికొచ్చి బట్టలు సర్దుతుంటే పెట్టె అడుగున మడతపెట్టిన నా తెల్లచొక్కా తగిలింది, చర్చికి వేసుకున్నది. రెండు చేతులూ భుజాల దాకా తడి. నాచు వాసన. దానిపైన ఉన్న బట్టలన్నీ పొడిగానే ఉన్నాయి.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. లొల్లి పెట్టడానికి చీటీ నేనే రాసి, పిల్లను నేనే దాచానని ఊళ్లో అంటున్నారు. అననీ.

పాప దొరికిందని ఆ సాయంత్రమే జయరాజు గారికి ఫోన్ చేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. మెల్లగా, "సునీత మంచిగున్నదా?" అని అడిగి ఫోన్ పెట్టేశారు. అదే ఆయన నాతో మాట్లాడిన చివరి మాట.

ఆ రోజు నుంచి సునీతను ఒంటరిగా బయటికి పంపడం లేదు. మస్కట్‌కు తిరిగొచ్చాక డ్యూటీలో ఉండి గంటకోసారి ఫోన్ చేస్తున్నాను. ఆమె విసుక్కుంటోంది. నేను కారణం చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటుంది.

పెద్దయ్యా, నా విన్నపం చదవలేదు, వదిలేస్తాను. పాటల బృందం రాలేదు, అదీ వదిలేస్తాను. ఆ చీటీ నా రాత అని మీరే అన్నారు. నా రాత నాకు చూపించండి. వెనుక వైపు ఏముంది?